నర్సింగు చదువులో రిజర్వేషను: సరిహద్దు చేనేత కుటుంబములు తెలిసికొనవలసిన సంగతులు

నిరుటి వేసవిలో మట్మారిలోని మా సంఘపు కార్యాలయమునకు ఒక సభ్యుడు తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చినాడు. అమ్మాయి రెండవ పి.యు.సి. సైన్సులో మంచి మార్కులతో ప్యాసయినది. బి.ఎస్సీ. నర్సింగు చదువవలెనని కోరిక. ప్రవేశపరీక్ష వ్రాసినది, ర్యాంకు వచ్చినది, కులము సర్టిఫికెట్టు కూడ చేతిలో ఉన్నది. కాని ప్రాంతీయ అభ్యర్థి సర్టిఫికెట్టు లేదు. అది తెచ్చుకొనవలెనని ఆ యింటిలో ఎవరికిని తెలియదు. కాగితముల పరిశీలన గడువు దాటిపోయినది. ఆ కాగితము ఉన్నయెడల వచ్చియుండెడి సీటు మరియొకరికి పోయినది.

ఆ తండ్రి మా యెదుట బల్లమీద కూర్చుండి, "మార్కులు చాలకపోతే మా రాత అనుకుందుము అన్నా, కాగితం లేక పాయెనే," అన్నాడు. మేము జవాబు చెప్పలేకపోతిమి. ఎందుకనగా అంతకుముందు పుష్యమాసములోనే అతడు వచ్చి, పిల్ల చదువుకు ఏయే కాగితములు కావలెనని మమ్ములను అడిగియుండెను. నూలు లెక్కల తొందరలో "పండుగ కానీ, చూతము" అని పంపివేసితిమి. తప్పులో మా పాలు కూడ ఉన్నది. ఆ తప్పు మరియొక యింట జరుగరాదని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

నర్సింగు చదువు అనగా ఏమి?

మనలో చాలమంది నర్సు అనగా ఒకే చదువు అనుకొందురు. మూడు మెట్లున్నవి. మొదటిది ఎ.ఎన్.ఎం., రెండు సంవత్సరములు. ఇది ఆడపిల్లలకు మాత్రమే. రెండవది జి.ఎన్.ఎం., మూడు సంవత్సరముల డిప్లొమా. మూడవది బి.ఎస్సీ. నర్సింగు, నాలుగు సంవత్సరముల డిగ్రీ. మొదటి రెండింటికి పన్నెండవ తరగతి ఏ విభాగములో చదివినను చేరవచ్చును. బి.ఎస్సీ.కి మాత్రము భౌతిక, రసాయన, జీవశాస్త్రములు, ఇంగ్లీషు తప్పనిసరి. కాబట్టి పదవ తరగతి కాగానే ఏ విభాగములో చేర్చుచున్నామో ఆలోచింపవలెను. ఆర్ట్సులో చేర్చి, రెండేండ్ల తరువాత బి.ఎస్సీ. నర్సింగు కావలెనన్న ప్రయోజనము లేదు.

ఈ చదువుల ప్రమాణములను నిర్ణయించునది భారత నర్సింగు కౌన్సిలు. ఇది 1947 నాటి చట్టముచే ఏర్పడినది. కర్ణాటకలో బి.ఎస్సీ. పరీక్షలు నడుపునది 1996లో బెంగుళూరులో స్థాపితమైన రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము. సీట్లు కేటాయించునది కర్ణాటక పరీక్షల ప్రాధికార సంస్థ; జనులు దీనిని కె.ఇ.ఎ. అందురు.

మన యింట పుట్టిన అడ్డంకి

చట్టము మాట చెప్పుటకు ముందు మన మాట చెప్పుకొనవలెను. ముప్పది, నలుబది ఏండ్ల క్రిందట మన వీధిలో ఎవరైన తమ బిడ్డను నర్సు పనికి పంపుదుమనిన, పెద్దలు ముఖము చిట్లించెడివారు. పరాయివారి మలమూత్రములు ఎత్తుట, రాత్రి పని, అన్ని కులములవారిని తాకుట, ఇవి మర్యాదగల యింటికి తగవని వారి వాదము. ఇది మన ఒక్కరి సంగతి కాదు. దేశమంతట ఇట్లే ఉండెను. అందుచేతనే చాలకాలము ఈ వృత్తిని మిషను ఆసుపత్రులలో తరిఫీదు పొందిన క్రైస్తవ స్త్రీలు మోసినారు. వారిలో అనేకులు సంఘము దూరముంచిన కులములనుండి వచ్చినవారు. మన పెద్దలు తాకుటకు వెనుదీసిన రోగిని తాకి కాపాడినవారు వారే. ఆ ఋణము మనము మరువరాదు.

1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చునప్పటికి దేశమందున్న నర్సులు సుమారు 7,000 మంది. అనగా రమారమి 43,000 మంది జనులకు ఒక నర్సు. కొన్ని వర్గములు ఈ చదువును నీచమని విడిచిపెట్టుటయు, మిగిలిన వర్గములకు బడి తలుపే తెరువకుండుటయు ఈ కొరతకు కారణములలో చేరును.

నేడు గాలి మారినది. 2019-20 నాటి నాలుగవ చేనేత గణన ప్రకారము, చేనేత కుటుంబములలో మూడింట రెండు వంతుల యిండ్ల నెల రాబడి 5,000 రూపాయలకు లోపు. రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టు ఆడపిల్లకు ఆ కండెలవలన ఎంత దక్కునో మనకు తెలియును. ఇప్పుడు మన యిండ్లలో నర్సు చదువు మర్యాద తక్కువ అనువారు లేరు. సీటు ఎట్లు దొరకునని అడుగువారే ఉన్నారు.

అన్ని వర్గములవారు ఎందుకు కావలెను?

కొందరు అడుగుదురు: రోగికి సేవ చేయుటకు కులమెందుకు, భాషయెందుకు? మంచి ప్రశ్న. దీనికి మా ఊరినుండియే జవాబు చెప్పుదుము.

మట్మారి రాయచూరు తాలూకాలో, రాయచూరు నుండి గుంతకల్లు పోవు రైలుమార్గముపై ఉన్నది. ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడము, సంతలో ఉర్దూ, ఇదీ మన వాడుక. మా వీధిలోని ఒక ముసలమ్మను పట్టణములో ఒక ఆసుపత్రికి తీసుకొనిపోయినప్పుడు, బిళ్ళలు రెండు పూటలు వేసుకొనవలెనా, పూటకు రెండు వేసుకొనవలెనా అన్నది ఆమెకు బోధపడలేదు. చెప్పిన నర్సు తప్పు లేదు. ఆమె దూరప్రాంతమునుండి వచ్చినది, తెలుగు రాదు. ముసలమ్మ తప్పును లేదు. మందు మాత్రము తప్పుగా పడినది.

గుంతమగ్గములో రోజంతయు కూర్చున్నవానికి మోకాలు, నడుము, కంటిచూపు ఎట్లుండునో మగ్గపు యింట పుట్టిన నర్సుకు వేరుగ చెప్పనక్కరలేదు. అట్లే తండాలో పుట్టిన నర్సుకు తండా స్త్రీ సిగ్గు తెలియును. మాదిగవాడలో పుట్టిన నర్సు ఆ వాడ రోగిని వరండాలో నిలువబెట్టదు. రోగులు అన్ని వాడలనుండి వచ్చునప్పుడు నర్సులు కూడ అన్ని వాడలనుండి రావలెను. పడుగులో ఒక ప్రక్క పోగులు తెగిపోయియుండగా పేక ఎంత కొట్టినను బట్ట నిలువదు గదా.

చట్టము ఎట్లు పుట్టినది?

ఈ రిజర్వేషను నిన్న మొన్న పుట్టినది కాదు. మైసూరు సంస్థానములో 1918లో సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక కమిటీ వేసి, వెనుకబడిన వర్గములకు ఉద్యోగములలో, చదువులలో ఎట్లు సహాయపడవలెనో విచారించిరి.

స్వతంత్రము వచ్చిన తరువాత మొదటి పెద్ద తగవు మద్రాసు రాష్ట్రములో వచ్చినది. అప్పుడు రాయలసీమ, కోస్తా జిల్లాలు ఆ రాష్ట్రములోనివే. అక్కడ వైద్య, ఇంజనీరింగు కాలేజీలలో ప్రతి 14 సీట్లను బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియనులకు, భారతీయ క్రైస్తవులకు కలిపి 1, ముస్లిములకు 1 చొప్పున పంచెడివారు. చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిలులో సుప్రీంకోర్టు దీనిని కొట్టివేసినది. ఆ సంవత్సరము జూనులోనే పార్లమెంటు రాజ్యాంగమును మొదటిసారి సవరించి, 15వ అధికరణములో 4వ ఖండమును చేర్చినది. సాంఘికముగా, విద్యలో వెనుకబడిన వర్గములకు ప్రత్యేకపు ఏర్పాటులు చేయుటకు ప్రభుత్వమునకు అధికారము వచ్చినది ఇక్కడినుండి.

రెండవ తగవు మన మైసూరు రాష్ట్రములోనే. 1962 జూలైలో ప్రభుత్వము వెనుకబడినవారికి 28, మరింత వెనుకబడినవారికి 22, షెడ్యూల్డు కులములకు 15, షెడ్యూల్డు తెగలకు 3, మొత్తము నూటికి 68 సీట్లు ప్రత్యేకించినది. బాలాజీ కేసులో సుప్రీంకోర్టు ఇది హద్దుమీరినదని త్రోసివేసి, సాధారణముగా సగమునకు లోబడి ఉండవలెనన్నది. నేడు అందరి నోట వినబడు యాభై శాతము మాట ఈ మైసూరు కేసులో పుట్టినదే.

మూడవది ఆంధ్రప్రదేశ్‌లో. అక్కడ ప్రభుత్వము తయారుచేసిన వెనుకబడిన కులముల జాబితాకు ఆధారములు చూపలేదని 1968లో సాగర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసినది. పిమ్మట అనంతరామన్ కమీషను విచారించి 1970లో నివేదిక ఇచ్చినది. ఎ వర్గమునకు 7, బి వర్గమునకు 10, సి వర్గమునకు 1, డి వర్గమునకు 7, మొత్తము 25 శాతముగ ఉత్తరువు వెలువడినది. 1972లో బలరాం కేసులో కోర్టు దీనిని నిలిపినది. అక్కడి మన బంధువులైన పద్మశాలీలు, దేవాంగులు బి.సి.-బి అని చెప్పుకొనుట అప్పటినుండియే.

కర్ణాటకలో 1972లో హావనూరు కమీషను ఏర్పడి 1975లో నివేదిక ఇచ్చినది. తరువాత వచ్చిన కమీషనులలో 1990లో నివేదిక ఇచ్చిన దానికి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి అధ్యక్షుడు. ఆ మీదట 1994-95 ఉత్తరువులలో నేటి వర్గములు, ఒకటి, 2ఎ, 2బి, 3ఎ, 3బి, స్థిరపడినవి. 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తులు రెండు ముఖ్యవిషయములు చెప్పినారు. సామాన్యముగా యాభై శాతము హద్దు. వెనుకబడిన వర్గములలో పైకి వచ్చిన సంపన్నశ్రేణిని వేరుచేయవలెను. ఆ హద్దు అంటరానిది కాదని తరువాతి కాలము చూపినది. 2019లో 103వ సవరణ ద్వారా ఇతర వర్గములలోని పేదలకు 10 శాతము ఇచ్చిరి. 2022లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది.

నేడు మన వాటా ఎంత?

కర్ణాటకలో ఒకటవ వర్గమునకు 4, 2ఎ వర్గమునకు 15, 2బికి 4, 3ఎకు 4, 3బికి 5 శాతము. షెడ్యూల్డు కులములకు 15గా, తెగలకు 3గా ఉన్న వాటాలను 2022 నాటి చట్టము 17కు, 7కు పెంచినది. దేవాంగ, పద్మశాలి, తొగట, కుర్ని మొదలైన నేతకులములు 2ఎ వర్గములోనివి. ఈ వర్గములో మనమొక్కరమే లేము. ఇతర చేతివృత్తుల కులములు ఎన్నో ఉన్నవి. కాబట్టి పదిహేను సీట్లున్నవి గదా అని నిశ్చింతగా ఉండరాదు.

ఇక్కడ ఒక భ్రమ తీర్పవలెను. 2ఎ విద్యార్థికి మంచి ర్యాంకు వచ్చినయెడల ఆమెకు అందరికి ఉద్దేశించిన సీటే రావచ్చును. అది మన పదిహేనులో లెక్కకు రాదు. రిజర్వేషను అనగా మనకు గీసిన హద్దు కాదు, మనకు ఉంచిన కనీసపు చోటు.

సంపన్నశ్రేణి నియమము 2ఎకు వర్తించును. ఆదాయపు పరిమితి సంవత్సరమునకు 8 లక్షల రూపాయలు. మగ్గమే ఆధారమైన యింటికి దీనివలన భయము లేదు. కాని ఆదాయము వ్రాయించిన సర్టిఫికెట్టు లేనియెడల, ఇంట గింజ లేకపోయినను సంపన్నులతో సమానముగ చూతురు.

బెంగుళూరులోని నిమ్‌హాన్స్, ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థలకు ఈ 2ఎ సర్టిఫికెట్టు పనికిరాదు. అక్కడ ఓ.బి.సి. వాటా 27 శాతము; దానికి కేంద్రపు నమూనాలో వేరే సర్టిఫికెట్టు తహశీల్దారువద్ద తీసుకొనవలెను.

371-జె అనగా ఏమి?

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇది. ఆ అమ్మాయి సీటు పోయినది ఇక్కడనే.

రాయచూరు జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ నవంబరు ఒకటవ తేదీన రాష్ట్రములు భాషలవారీగా విడిపోయినప్పుడు, ఈ జిల్లాలోని గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. మిగిలినది మైసూరులో చేరినది. ఒకే బంధువర్గము రెండు రాష్ట్రములపాలైనది. చదువులో, ఆసుపత్రులలో, రోడ్లలో ఈ ప్రాంతము పాత మైసూరుకంటె బహుదూరము వెనుకబడియుండెను. చాల సంవత్సరముల ఆందోళన పిమ్మట 2012లో పార్లమెంటు 98వ సవరణను ఆమోదించి, రాజ్యాంగములో 371-జె అధికరణమును చేర్చినది. 2013లో దాని ఉత్తరువులు వెలువడినవి. బీదరు, కలబురగి, యాదగిరి, రాయచూరు, కొప్పళ, బళ్ళారి జిల్లాలు దీని క్రిందివి. బళ్ళారినుండి 2021లో వేరుపడిన విజయనగర కూడ ఇందులోనిదే. హైదరాబాదు కర్ణాటక అను పేరును 2019లో కళ్యాణ కర్ణాటక అని మార్చినారు.

ఈ ఉత్తరువు ప్రకారము ఈ ప్రాంతమందలి కాలేజీల సీట్లలో 70 శాతము ఈ ప్రాంతపువారికి. రాష్ట్రములో ఇతరచోట్ల ఉన్న రాష్ట్రస్థాయి సంస్థలలో 8 శాతము.

లెక్క వేసి చూతము. ఈ ప్రాంతములో ప్రభుత్వము నింపు సీట్లు నూరున్నవనుకొనుడు. అందులో 70 ప్రాంతపువారివి. వాటిలో 2ఎ వాటా నూటికి 15 చొప్పున పది, పదకొండు సీట్లు. ప్రాంతపు సర్టిఫికెట్టు లేని 2ఎ అమ్మాయి మిగిలిన 30 సీట్లలో పోటీపడవలెను. అందులో 2ఎకు దొరకునవి నాలుగు, అయిదు. వాటికి రాష్ట్రమంతటినుండి పోటీ. ఇది మోటులెక్క, ఏటేట కొద్దిగ మారును. కాని ఒక్క కాగితముతో వాకిలి ఎంత వెడల్పగునో దీనివలన తెలియగలదు.

ఈ సర్టిఫికెట్టు ఇచ్చునది సబ్‌డివిజను అసిస్టెంటు కమీషనరు. ఇక్కడ పుట్టినట్లు గాని, నియమములు చెప్పినన్ని ఏండ్లు ఇక్కడ నివసించినట్లు గాని ఆధారములు చూపవలెను. తండ్రి లేక తల్లి ఇక్కడివారైనను ఆ ఆధారము చెల్లును. పుట్టుక పత్రము, బడి సర్టిఫికెట్టు, రేషను కార్డు, ఇంటిపన్ను రసీదు దాచియుంచుకొనుడు. దరఖాస్తు పెట్టిన మరునాడే ఇది చేతికి రాదు. విచారణ జరుగును, కాలము పట్టును. పరీక్ష ఫలితములు వచ్చిన తరువాత పరుగెత్తుట, పెండ్లి ముహూర్తమునాడు చీర నేయ మొదలుపెట్టుటవంటిది.

సరిహద్దులోని మూడు చిక్కులు

మనవారికి ఆదోని, ఎమ్మిగనూరు, గద్వాల, నారాయణపేటలలో బంధువులు ఉందురు. రాకపోకలు తప్పవు. కాని చట్టమునకు సరిహద్దు గట్టిది.

మొదటి చిక్కు: ఒక రాష్ట్రపు కులసర్టిఫికెట్టు మరియొక రాష్ట్రములో చెల్లదు. దీనిపై వచ్చిన పేరుపడిన తీర్పు ఒక తెలుగు విద్యార్థిదే. మర్రి చంద్రశేఖరరావు అను అతడు ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగకు చెందినవాడు. తండ్రి ఉద్యోగరీత్యా చిన్ననాడే బొంబాయి చేరి, అక్కడ వైద్యకళాశాలలో ఆ వాటాలో సీటు కోరినాడు. ఒక రాష్ట్రములో గుర్తింపు ఆ రాష్ట్రమునకు సంబంధించినదే, వలసపోయినచోటికి వెంటరాదు అని 1990లో సుప్రీంకోర్టు చెప్పినది. 1994లో మరియొక తీర్పులో వెనుకబడిన వర్గములకును ఇదే సూత్రము చెప్పబడినది. కాబట్టి ఎమ్మిగనూరు బి.సి.-బి కాగితము రాయచూరులో చూపి ప్రయోజనము లేదు. సరిహద్దు అవతలినుండి కోడలు వచ్చినను, పిల్లల కులసర్టిఫికెట్టు తండ్రివైపు ఆధారములతో ఇక్కడనే తీసుకొనవలెను.

రెండవ చిక్కు: బడి. మేనమామ ఇంట ఉంచి చదివింతుమని పిల్లలను కర్నూలుకో, హైదరాబాదుకో పంపుదురు. కర్ణాటకలో ప్రవేశపరీక్ష సీట్లకు సాధారణపు అర్హత ఏమనగా, ఒకటవ తరగతినుండి రెండవ పి.యు.సి. లోపల కనీసము ఏడేండ్లు ఈ రాష్ట్రములో చదివి, పదవ తరగతి గాని రెండవ పి.యు.సి. గాని ఇక్కడ ప్యాసు కావలెను. అటు తెలుగు రాష్ట్రములలో 1974 నాటి రాష్ట్రపతి ఉత్తరువు స్థానికులనుటకు వరుసగా నాలుగేండ్ల చదువు అడిగినది. పదవ తరగతి, ఇంటరు మాత్రము అక్కడ చదివిన పిల్ల ఇక్కడి లెక్కకు రాదు, అక్కడి లెక్కకు చాలదు. రెంటికి చెడిన రేవడి అగును. పంపుటకు ముందు ఏండ్లు లెక్కవేసికొనుడు.

మూడవ చిక్కు: పల్లె బడి. ఒకటి నుండి పదివరకు పల్లెబడిలో చదివినవారికి ప్రవేశపరీక్ష సీట్లలో గ్రామీణపు వాటా కలదు. ఇది 15 శాతము. ఇంగ్లీషు బడి మోజులో మూడేండ్లు పట్టణములో చదివించినవారు దీనిని పోగొట్టుకొందురు. పట్టణపు బడి వలదని మేము చెప్పుటలేదు. ఏమి వచ్చును, ఏమి పోవును తెలిసి చేయుడని చెప్పుచున్నాము. కన్నడ మాధ్యమములో చదివినవారికి వేరుగ 5 శాతము ఉన్నది. తెలుగు మాధ్యమములో చదివినవారికి ఇది రాదు.

ప్రైవేటు కాలేజీలు, దళారులు

ప్రైవేటు కాలేజీలలో ప్రభుత్వపు వాటా, యాజమాన్యపు వాటా అని రెండున్నవి. ప్రభుత్వపు వాటాలోనే పైన చెప్పిన రిజర్వేషను నడచును. సహాయము పొందని ప్రైవేటు కాలేజీపై ప్రభుత్వము తన రిజర్వేషనును రుద్దరాదని 2005లో ఇనాందార్ కేసులో సుప్రీంకోర్టు అనగా, పార్లమెంటు 93వ సవరణచే 15వ అధికరణములో 5వ ఖండమును చేర్చి ఆ అధికారము ఇచ్చినది. మైనారిటీ సంస్థలను దీనినుండి మినహాయించినారు.

వేసవి రాగానే బెంగుళూరు కాలేజీల పేరు చెప్పి దళారులు ఊళ్ళు తిరుగుదురు. "సీటు ఖాయము, ఒరిజినలు కాగితములు ఇయ్యుడు" అందురు. ఒరిజినలు కాగితములు ఎవరి చేతను పెట్టవద్దు. కాలేజీకి నర్సింగు కౌన్సిలు తగినదను నిర్ణయము, విశ్వవిద్యాలయపు అనుబంధము ఆ సంవత్సరమునకు ఉన్నవో లేవో చూచుకొనుడు. గుర్తింపులేని చోట నాలుగేండ్లు చదివినను రిజిస్ట్రేషను దొరకదు. రిజిస్ట్రేషను లేనిదే నర్సు కాదు. ఫీజు విషయమున వెనుకబడిన వర్గముల విద్యార్థివేతనములు, హాస్టలు దొరకనివారికి విద్యాసిరి పథకము, దేవరాజ అరసు కార్పొరేషనువారి అరివు ఋణము ఉన్నవి. వడ్డీవ్యాపారి గడప త్రొక్కుటకు ముందు వీటిని అడుగుడు.

మగపిల్లల సంగతి

నర్సు పని ఆడవారిదే అను తలంపు కూడ మారుచున్నది. మిలిటరీ నర్సింగు సర్వీసును స్త్రీలకు మాత్రమే ఉంచిన 1943 నాటి ఆర్డినెన్సులోని మాట రాజ్యాంగవిరుద్ధమని 2025 జనవరిలో కర్ణాటక హైకోర్టు తీర్పు చెప్పినది. ఆ కేసు నడిపినవారు నర్సింగు చదివిన మన రాష్ట్రపు యువకులు. మగ్గము విడిచి సూరతు, భివండి మిల్లులకు పోవు మన కుర్రవాండ్రు ఈ చదువును కూడ ఆలోచింపవచ్చును.

ఇతర దేశములలో ఎట్లున్నది?

అమెరికాలో నల్లవారికి నర్సు బడి తలుపు చాలకాలము మూసియుండెను. 1879లో బోస్టనులో మేరీ మహోనీ అను ఆమె అక్కడ తరిఫీదు ముగించిన మొదటి నల్లజాతి నర్సు అయినది. రెండవ ప్రపంచయుద్ధములో సైన్యము నల్లజాతి నర్సులను ఇంతకు మించి తీసుకొనరాదని హద్దు పెట్టినది. మేబెల్ స్టాపర్స్ నాయకత్వమున జరిగిన పోరాటమువలన 1945లో ఆ హద్దు తొలగినది. వాటా అను ఒకే మాట వెలివేయుటకు వాడినయెడల గోడ, చేర్చుకొనుటకు వాడినయెడల గుమ్మము అగునని ఇందువలన తెలియుచున్నది.

అక్కడ కాలేజీలలో జాతివారీగా సీట్లు విడిగ పెట్టుట 1978లోనే చెల్లలేదు. జాతిని ఇతర విషయములతోపాటు పరిగణించుటకు మాత్రము అనుమతించిరి. 2023 జూనులో హార్వర్డు కేసులో అదియును కూడదని వారి సుప్రీంకోర్టు చెప్పినది. మనకును వారికిని భేదమేమనగా, మన రాజ్యాంగమే ఈ ఏర్పాటును అక్షరాలా వ్రాసిపెట్టినది. అయినను అది మనవలె కాగితము తెచ్చుకొన్నవారికే పనిచేయును.

రెండు అభ్యంతరములు

"తక్కువ మార్కులవారు నర్సులైన రోగి గతి యేమి?" అని అందురు. రిజర్వేషను వాకిలివద్దనే. లోపల చేరిన తరువాత పాఠము ఒకటే, పరీక్ష ఒకటే, ఉత్తీర్ణతకు మార్కులు ఒకటే, రిజిస్ట్రేషను ఒకటే. ఫెయిలైనవానిని ఏ వాటాయు ప్యాసు చేయదు.

రెండవ మాట మనవారే అనునది: "షెడ్యూల్డు కులములవారికే అన్ని పోవుచున్నవి." సంఘసమావేశములోను ఈ మాట విన్నాము. దీనిని మేము ఒప్పుకొనము. వారి వాటా వారిది, మన వాటా మనది. మన పదిహేనులో ఒక్కటియు వారు తీసికొనుటలేదు. మనము పోగొట్టుకొన్న సీటు మన అజాగ్రత్తచే పోయినది. వారిలో కూడ బలహీనులకు అందుటలేదన్న వాదము ఆంధ్రప్రదేశ్ చట్టమునుండి సుప్రీంకోర్టుకు చేరి 2004లో చిన్నయ్య కేసులో ఓడినది. 2024 ఆగస్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును మార్చి, లోపలి వర్గీకరణ చేయవచ్చునన్నది. వాటాలోపల కూడ వెనుకనున్నవానిని చూడవలెనను ఈ న్యాయము రేపు మనవంటి చిన్న కులములకును అక్కరకు రాగలదు.

ఇంటింట చేయవలసిన పని

పిల్ల పదవ తరగతిలో ఉండగానే నాడకచేరిలో దరఖాస్తు పెట్టి, కులము-ఆదాయపు సర్టిఫికెట్టు తీసుకొనుడు. అందులోని పేరు, తండ్రిపేరు, ఇంటిపేరు బడి రికార్డుతో, ఆధారుతో అక్షరము తప్పక సరిపోవలెను. ఒకచోట సాలె, మరియొకచోట పద్మశాలి అని వ్రాయించిన తగవు వచ్చును. పి.యు.సి. మొదటి సంవత్సరములోనే 371-జె సర్టిఫికెట్టుకు దరఖాస్తు చేయుడు. ఒకటవ తరగతినుండి చదివిన వివరములు, గ్రామీణపు చదువు ధ్రువపత్రము హెడ్మాస్టరుచే వ్రాయించి ఉంచుడు. ప్రతి సంవత్సరము కె.ఇ.ఎ. వారు వెలువరించు వివరపత్రికను చదివించుకొనుడు. ఆ ఏటి నియమమునకు అదే ప్రమాణము. అన్నిటిని ఒక సంచిలో పెట్టి, దరఖాస్తు చేసిన తేదీ పైన వ్రాసికొనుడు.

మా సంఘములో ఒక ఏర్పాటు చేసికొన్నాము. ప్రతి సంక్రాంతికి ముందు, పది, పన్నెండు తరగతులలో ఉన్న సభ్యుల పిల్లల జాబితా వ్రాసి, ఎవరి వద్ద ఏ కాగితము లేదో గుర్తుపెట్టుచున్నాము. నూలు పంచు దినముననే ఆ లెక్క కూడ చూచుచున్నాము. ఒక చిట్టాపుస్తకము తప్ప దీనికి ఖర్చు లేదు. ఇతర సంఘముల కార్యదర్శులు కూడ ఇట్లు చేయవలెనని మనవి.

ఆ అమ్మాయి సంగతి అడుగుదురేమో. ఆ సంవత్సరము ఇంటనే ఉండి తల్లికి కండెలు చుట్టుచు, మరల పరీక్షకు చదివినది. ఈసారి సర్టిఫికెట్టు ముందుగనే తెచ్చుకొన్నది. బి.ఎస్సీ. నర్సింగులో ప్రాంతీయపు 2ఎ సీటు వచ్చినది. కాలేజీకి పోవుటకు ముందునాడు తండ్రితో కూడ వచ్చి మాకు చెప్పి వెళ్ళినది. మేము సంతోషించితిమి. కాని ఆ పిల్ల జీవితములో ఒక సంవత్సరము ఒక కాగితమునకై పోయినది. ఆ సంవత్సరమును మేము తిరిగి ఇయ్యజాలము.